పాత మోటారునకు వీడుకోలు

మన దేశమున గృహచరిత్రలు వ్రాయువారు అరుదు. వ్రాసిన కొలదిమందియు ఇంటిలోనికి వచ్చిన వస్తువులను గూర్చి వ్రాసినంతగా, ఇల్లు విడిచిపోయిన వస్తువులను గూర్చి వ్రాయలేదు. ఫలానా యేట విద్యుద్దీపము వచ్చినది, ఫలానా పండుగనాడు రేడియో వచ్చినది అని పెద్దలు ఉత్సాహముతో చెప్పుదురు. ఆ వెనుకటి కిరసనాయిలు దీపము ఎటు పోయినది, ఆ వాల్వుల రేడియో ఎవరి చేత బడినది అని అడిగినచో తడుముకొందురు. వస్తువు రాకకు ముహూర్తము కలదు; పోకకు లేదు. ఈ వ్యాసమున మేము అట్టి యొక పోకను గూర్చి ముచ్చటింపదలచితిమి. అది ఉద్యోగవిరమణము చేసిన గృహస్థు తాను చిరకాలము నడిపిన మోటారుకారును విడుచు ఘట్టము.

ఇది క్రొత్త సంకటము కాదు. కాడి మోసిన యెద్దు ముదిమి పొందినపుడు మన రైతునకు కలిగెడి సంకటమే యిది. సంతకు తోలుదమన్న ఎవరి పాలగునో యను బెంగ. ఇంట నుంచుకొందమన్న గడ్డికి అగు వ్యయము. కనుమనాడు కొమ్ములకు రంగు పూసి, మెడలో గంటలు కట్టి మ్రొక్కిన చేతులతోనే పలుపు విప్పి పరుల కందీయవలె. దసరానాడు బానెట్టునకు పసుపుకుంకుమలు పెట్టి, చక్రముల క్రింద నిమ్మకాయలు నలిపి, గుమ్మడికాయ కొట్టిన గృహస్థునకును అదియే గతి. అయితే మూడు నాలుగేండ్ల కొకసారి కార్లు మార్చు దేశములలో ఇంతటి సంకటము లేదు. మన దేశమున, అందును 1950 మొదలు 1985 వరకు కార్లు కొన్న తరమువారికి మాత్రమే ఇది ఇంత గాఢముగ నేల పట్టుకొన్నది? దీనికి సమాధానము మనస్సులో గాక చరిత్రలో వెదకవలె.

మన దేశమున తొలినాటి కార్లన్నియు ఓడలలో దిగినవే. అవి రాజులకు, జమీందారులకు, కంపెనీ దొరలకు చెందినవి. హైదరాబాదు చౌమహల్లా ప్రాసాదమున నేటికిని చూడదగిన పసుపుపచ్చని రోల్సురాయిసు ఆ కాలపు గుర్తు. ఆరవ నిజాము మహబూబు అలీఖాను కాలమున దానిని తెప్పింప నాజ్ఞ యైనది; ఆయన 1911లో గతించెను. ఆ బండి ఊరేగింపులకే కాని ప్రయాణములకు గాదు.

1928లో జనరల్ మోటార్సువారు బొంబాయిలో కార్లకూర్పు కర్మాగారము నెలకొల్పిరి. పరదేశమున తయారైన భాగములు పెట్టెలలో వచ్చును. ఇచ్చట వానిని బిగింతురు. అటు పిమ్మట స్వదేశీయులు రంగమున దిగిరి. 1942లో బిర్లా కుటుంబమువారు గుజరాతునందలి ఓఖా రేవులో హిందుస్థాన్ మోటార్సును స్థాపించి, 1948లో దానిని వంగదేశమున హుగ్లీతీరమందలి ఉత్తరపాడాకు తరలించిరి. 1944లో వాల్‌చంద్ హీరాచంద్ బొంబాయిలో ప్రీమియర్ ఆటోమొబైల్సును ఆరంభించెను. 1948లో చెన్నపట్టణమున స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ అను సంస్థ వెలసినది.

1953లో భారతప్రభుత్వము ఒక ముఖ్యనిర్ణయము గైకొన్నది. దేశములోనే భాగములు తయారుచేయు ప్రణాళిక గలవారే ఇకమీదట కార్లు నిర్మింపవలె, కేవలము పెట్టెలు విప్పి బిగించువారికి తావు లేదు అనునది దాని సారాంశము. జనరల్ మోటార్సు, ఫోర్డు సంస్థలు తలుపులు మూసికొని పోయినవి. కార్లవిషయమున దేశమంతయు పైని చెప్పిన మూడు సంస్థలకే వశమైనది. ఆ పిదప మూడు దశాబ్దముల కాలము మన మధ్యతరగతి గృహస్థు కారు కొనదలచినచో వాని యెదుట ప్రధానముగ మూడు పేళ్లే యుండెను.

వానిలో మొదటిది అంబాసిడరు. ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డు చెంత కౌలీ అను చోట మోరిసు కంపెనీవారు 1956లో 'మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి' యను కారును వెలువరించిరి. ఆ కారు అచ్చులను మన వారు కొని, 1957లో ఉత్తరపాడాలో దానినే అంబాసిడరు అను పేర నిర్మింప మొదలిడిరి. ఇంగ్లండున ఆ నమూనా 1959తోనే అంతరించినది. జన్మస్థానమున మూడేండ్లు బ్రతికిన రూపము, దత్తుపోయిన యింట అర్ధశతాబ్దమునకు మించి బ్రతికినది. 1963లో మార్క్ 2, 1975లో మార్క్ 3, 1979లో మార్క్ 4 వచ్చినవి. ముందరి జాలీ మారినది, లోపలి మీటల పలక మారినది, గుండ్రని వీపు మాత్రము మారలేదు. 1993 ప్రాంతమున ఆ కార్లనే కొన్నింటిని తిరిగి ఇంగ్లండునకు గొనిపోయి అమ్మజూచిరి. ఓడలు బండ్లగుట, బండ్లు ఓడలగుట యనగా నిదియే గాబోలు!

రెండవది ఇటలీ దేశపు ఫియట్ 1100. 1954 మొదలు బొంబాయిలో తయారై, 1964లో 'డిలైట్' అనిపించుకొని, 1970ల నడుమ చిత్తోడు రాణి పేర 'ప్రీమియర్ పద్మిని' యైనది. మూడవది 1961లో చెన్నపట్టణమున వెలువడిన స్టాండర్డ్ హెరాల్డు. అంబాసిడరు పెద్ద కుటుంబమునకు, ఫియట్టు చిన్న కుటుంబమునకు, హెరాల్డు సొగసు కోరువారికి అని నాడు చమత్కారముగ చెప్పుకొనువారు.

పేళ్లు మూడు, కోరువారు వేలు. 1959లో కార్ల పంపిణీ, విక్రయములపై నియంత్రణ ఉత్తర్వు వచ్చినది. ముందుగ సొమ్ము కట్టి పేరు నమోదు చేయించుకొని, వరుస వచ్చువరకు సంవత్సరములు వేచియుండవలసి వచ్చెడిది. బిడ్డ పుట్టినపుడు పేరు వ్రాయించినచో ఆ బిడ్డ బడికి పోవువేళకు కారు వచ్చుననుట అతిశయోక్తియే యైనను, నాటి వారి మనఃస్థితికి అద్దము. ఇట్లు వచ్చిన వస్తువును మనుజుడు కొన్నట్లు భావింపడు, పొందినట్లు భావించును. మన తరము మమకారమున కిది మొదటి మూలము.

ఈ విషయమున దేశప్రధానికిని సామాన్యునికిని భేదము లేకుండెను. 1964లో ప్రధానమంత్రి యైన లాల్‌బహదూరు శాస్త్రికి సొంత కారు లేదు. కుటుంబమువారి కోరికపై ఫియట్టు కొనదలచి విచారింపగా వెల 12,000 రూపాయలని తేలినది. బ్యాంకులో 7,000 మాత్రమే యుండెను. తక్కిన 5,000 రూపాయలను ఆయన పంజాబు నేషనల్ బ్యాంకున అప్పుగ తీసికొనిరి. 1966 జనవరి 11న తాష్కెంటులో శాస్త్రి మరణించునాటికి ఆ యప్పు తీరలేదు. ఆయన భార్య లలితాశాస్త్రి తన కుటుంబపింఛనునుండి దానిని తీర్చిరి. ఆ కారు నేడు ఢిల్లీలో ఆయన స్మారకభవనమున నున్నది. భర్త పోయెను, పదవి పోయెను, కారు నిలిచినది, దానితో అప్పును నిలిచినది. పింఛను చేత బట్టుకొని కారువంక చూచు ప్రతి గృహమునకును ఈ కథ తన కథవలె తోచును.

మమకారమునకు రెండవ మూలము ఆ బండ్ల నిర్మాణములోనే కలదు. అంబాసిడరున ముందు ఆసనము బల్లవలె ఒకటే. గేరు కడ్డీ స్టీరింగు ప్రక్కన నుండును గాన ముందు మువ్వురు కూర్చుండవచ్చును. వెనుక నలుగురు పెద్దలు, వారి యొడిలో పిల్లలు. వెనుక చక్రములకు ఎడ్లబండినాటి విద్యను తలపించు కమానుకట్టలు. గోతులబాటలో సైతము వెన్నునకు పట్టుదప్పని యెత్తైన కుర్చీ. బానెట్టు ఎత్తినచో ఇంజనుచుట్టు చేయి దూర్చుటకు కావలసినంత చోటు. 1489 ఘనసెంటీమీటర్ల ఆ పెట్రోలు ఇంజనులో కార్బ్యురేటరు, పాయింట్లు, ప్లగ్గులు కంటికి కనబడును; స్క్రూడ్రైవరు, స్పానరు, ఒక గరుకుకాగితపు ముక్క యున్నచో బాటప్రక్కననే సగము వ్యాధులు కుదురును. మన విజయవాడ ఆటోనగరున, హైదరాబాదు పుత్లీబౌలిలో, సికింద్రాబాదు రాణీగంజున దొరకని భాగము లేదు. దొరకనిచో లేతుపై తీర్చి యిచ్చు పనివారు కలరు.

దీని ఫలితమేమి? యజమానికి తన బండి శరీరశాస్త్రము తెలిసినది. ఏ చప్పుడు దేనిదో, ఏ వాసన దేనిదో, శీతకాలపు తెల్లవారుజామున చోకు నెంత లాగవలెనో వానికి తెలియును. నేటి కార్లలో దోషమును కంప్యూటరు చెప్పును. నాడు యజమాని చెవి చెప్పెడిది. తన చేతితో బాగుచేసికొన్న వస్తువును మనుజుడు సులభముగ విడువజాలడు. నేతగాడు మగ్గమును, రైతు నాగలిని విడువలేనట్టిదే యిది.

ఇక కాలము మారిన తీరు చూతము. 1973 అక్టోబరులో పశ్చిమాసియాలో యుద్ధము రేగిన పిమ్మట ముడిచమురు వెల కొలది మాసములలోనే నాలుగింతలకు చేరువైనది. పెద్ద యింజను బండ్లకు అది తొలి దెబ్బ. 1983 డిసెంబరు 14న మారుతి 800 విడుదలయ్యెను. దాని యింజను 796 ఘనసెంటీమీటర్లు. అంబాసిడరు ఇంజనులో ఇంచుమించు సగము. ముందు చక్రములే బండిని లాగును. తేలిక, తక్కువ తాగును, తక్కువ చెడును. 1993లో కార్ల పరిశ్రమకు లైసెన్సుల బంధము తొలగినది. ప్రపంచములోని పేరుగల కంపెనీలన్నియు వరుసగ దిగినవి. వేచియుండువాడు కొనువాడు గాక, అమ్మువా డయ్యెను.

2000 ఫిబ్రవరి 1 మొదలు దేశమంతట సీసము కలిసిన పెట్రోలు నిలిచిపోయినది. ఇది పిల్లల ఆరోగ్యమునకు మేలుచేసిన గొప్ప సంస్కరణము. కాని పాత యింజనులలో ఆ సీసమే వాల్వుల పీటములకు మెత్తగ పనిచేయుచుండెడిది. అది లేక అవి అరుగసాగినవి. గట్టి పీటములు వేయింపవలసి వచ్చినది. ఇటీవల పెట్రోలున ఎథనాలు కలుపుట క్రమముగ హెచ్చి 2025 నాటికి 20 శాతమునకు చేరినది. పాతకాలపు రబ్బరు గొట్టములకు, వాషర్లకు అది సరిపడదు. 2020 ఏప్రిల్ 1 నుండి క్రొత్త కార్లకు భారత్ స్టేజి 6 అను కఠినమైన పొగనియమము వచ్చినది. మన పాత బండి విడుచు పొగకు, నేటి బండి పొగకు పోలికయే లేదు. ఆ పొగ పీల్చువారు మన మనుమలే యను మాట మమకారముగలవారు మరువరాదు.

ప్రభుత్వపు కొలువులోను అంబాసిడరు ప్రాభవము తగ్గినది. 2001లో పార్లమెంటుపై జరిగిన దాడి పిమ్మట ప్రధాని వాహనశ్రేణిలో దాని స్థానమున విదేశపు కవచవాహనములు ప్రవేశించినవి. ఎఱ్ఱదీపపు తెల్లని కారు అధికారమునకు చిహ్నమై యుండిన దినములు పోయి, 2017 మే 1 నుండి ఆ దీపమే రద్దయినది. 1980ల నడుమ ఏటికి ఇరువదివేలకు పైగ అమ్ముడైన కారు తుదిదినములలో ఏటికి 2,500కు దిగజారినది. 2014 మే మాసమున ఉత్తరపాడాలో పని నిలిచిపోయినది. 2017లో అంబాసిడరు అను పేరును మాత్రము 80 కోట్ల రూపాయలకు ఫ్రాన్సుదేశపు పూజో కంపెనీ కొన్నది. బొంబాయిలో చివరి పద్మిని టాక్సీ 2003 అక్టోబరు 29న నమోదైనది. టాక్సీలకు నచ్చట ఇరువదియేండ్ల పరిమితి గాన, 2023 అక్టోబరు 30 నుండి ఆ నలుపు-పసుపు పద్మినులు వీధులలో కానరావు.

ఇంతవరకు లోకచరిత్ర. ఇందులో మా యింటి అధ్యాయము చిన్నది. మేము రాజమహేంద్రవరమున కళాశాలలో అధ్యాపకవృత్తి చేసి 2005లో విరమించినవారము. మా అంబాసిడరు 1982 నాటి మార్క్ 4. దానిని క్రొత్తదిగ కొను శక్తి మాకు లేకుండెను. 1987లో ఉద్యోగవిరమణము చేసి స్వగ్రామమునకు పోవుచున్న నీటిపారుదలశాఖ ఇంజనీరుగా రొకరి యొద్ద కొంటిమి. ఆయన తాళపుచెవులకంటె ముందు ఒక అట్టబైండు నోటుపుస్తకమును మా చేత నుంచిరి. అందు మొదటి దినము మొదలుకొని ఎన్ని మైళ్లు నడచినది, ఏనాడు ఆయిలు మార్చినది, ఏ టైరు ఏ చక్రమునకు మార్చినది, అంతయు గుండ్రని చేవ్రాతలో నుండెను. "మాష్టారూ, బండికన్న ఈ పుస్తకం ముఖ్యం. ఇది ఆపకుండా రాస్తానంటేనే బండి ఇస్తాను" అని ఆయన పలికిరి. మేమును వ్రాసితిమి. ముప్పదియైదేండ్లు వ్రాసితిమి.

ఆ పుస్తకమున అన్ని విషయములును యంత్రమునకు సంబంధించినవే. అయినను చదువరికి ఒక కుటుంబము కనబడును. '1991, ఫ్యాన్ బెల్టు, కొవ్వూరు' అను పంక్తి పుష్కరములలో బంధువులను వంతెనమీదుగ అటు నిటు చేర్చిన నాటిది. 1994లో ఒక రాత్రి పంక్తికి చివర మైళ్లు లేవు. అది మా తండ్రిగారిని ఆసుపత్రికి గొనిపోయిన రాత్రి. 2001లో రంగువేయించినది మా అమ్మాయి పెండ్లికి. 2003 పుష్కరములలో మరల క్లచ్చుపళ్లెము. విరమణము తరువాత పంక్తులు పలుచనైనవి. మొదట వారమున కొకటి, పిదప మాసమున కొకటి, పిదప 'బ్యాటరీ చార్జి' యని మాత్రమే పుటలు నిండినవి. కారు నడచుట మాని, నిలుచుటకు ఖర్చుచేయుచున్నదని ఆ పుటలే మాకు తెలిపినవి.

1988 మోటారువాహనచట్టము ప్రకారము సొంతబండి నమోదు పదునైదేండ్లు చెల్లును. ఆపై ఐదేండ్ల కొకసారి పరీక్ష చేయించి పొడిగించుకొనవలె. మేము 1997 మొదలు అయిదు పర్యాయములు పొడిగించుకొంటిమి. ఆరవ గడువు 2022లో వచ్చినది. అదే యేట ఏప్రిల్ 1 నుండి కార్ల పొడిగింపు రుసుము 600 రూపాయలనుండి 5,000 రూపాయలకు పెరిగినది. మా వయస్సు అప్పటికి 75. కంటిశుక్లములకు చికిత్స యైనది. రాత్రివేళ ఎదుటి బండి వెలుగు కన్నులలో చెదరును. ఐదువేల రూపాయలు పెద్దవి కావు. ఆ రుసుము కట్టి ఎవరిని ఎక్కడికి తీసికొనిపోవుదుము అను ప్రశ్న పెద్దది.

మా యింటామె చాలకాలము మాటలాడలేదు. ఒకనాడు మాత్రము, "ఏమండీ, దాన్ని చూసుకోవడానికి మనమున్నాం. మన తర్వాత దాన్ని ఎవరు చూస్తారు? పిల్లల మీద ఈ పని పెట్టొద్దు" అనిరి. పిల్లలిద్దరును దూరదేశమున నున్నవారు. వారికి బాల్యస్మృతిగ అది ప్రియమైనదే. దాని కార్బ్యురేటరు విప్పు విద్య వారికి లేదు. యజమాని గతించిన యేడాదికి కొట్టములో చక్రములు నేలగ్రుంకి, ఎలుకలు తీగలు కొరికి, చివరకు తూకమునకు పోయిన బండ్లను మే మనేకము చూచియున్నాము. ప్రేమించినవాడు తాను బ్రతికియుండగనే చేయవలసిన పనిని చావునకు అప్పగించుట ప్రేమ కాదని ఆమె మాటవలన తేటపడినది.

పిమ్మట మార్గములను విచారించితిమి. 2021 జూలైలో వచ్చిన నియమములచే, మొదటి నమోదునుండి ఏబదియేండ్లు దాటి, మార్పులు లేని సొంతబండ్లకు 'వింటేజి' గుర్తింపు లభించును. వాని సంఖ్యలో వి.ఏ. అను ఆంగ్లాక్షరములు చేరును. అట్టి బండ్లు ప్రదర్శనలకు, పందెములకు, ఇంధనము, మరమ్మతుల నిమిత్తమై మాత్రమే బాట నెక్కవలె. మా బండికి ఆ గౌరవము 2032లో గాని రాదు. అదే 2021లో తుక్కువిధానమును వెలువడినది. నమోదైన తుక్కుకేంద్రమున బండి నప్పగించినవారికి ధ్రువపత్ర మిత్తురు. దానితో క్రొత్తబండి కొన్నచో నమోదు రుసుమున మినహాయింపు, పన్నులో గరిష్ఠముగ 25 శాతము రాయితీ లభింపవచ్చును. క్రొత్తబండి కొనువారికి ఇది లాభకరమే; కొనదలపని వృద్ధులకు ఆ పత్రము కాగితమే. రహదారిప్రక్క భోజనశాలవారొకరు తమ వాకిట బొమ్మగ నిలుపుటకు అడిగిరి. నడిచిన దానిని బొమ్మ చేయుటకు మాకు మనసొప్పలేదు.

తుదకు మార్గము చూపినవాడు ఇరువదియేండ్లుగ మా బండిని బాగుచేయుచున్న మెకానిక్కు. "మాష్టారూ, ఉన్నమాట చెప్తాను. కాకినాడలో మా శిష్యుడికి ఇలాంటిదే ఇంకోటుంది. రెండిట్లో ఒకటి బాగా నిలబడుతుంది. ఏది నిలబడుతుందో బానెట్లు ఎత్తి చూశాకే తెలుస్తుంది. అది మీది కాకపోవచ్చు" అన్నాడు. దాపరికములేని ఆ మాటయే మమ్ము ఒప్పించినది. గడువు తీరుటకు మూడు మాసములు ముందుగ బండి నిచ్చితిమి. వచ్చిన వెల ఒక మంచి సైకిలు వెలకంటె ఎక్కువ, క్రొత్త ద్విచక్రవాహనపు వెలకంటె తక్కువ.

ఇచ్చట చదువరులకు ఒక హెచ్చరిక. వాల్వుల రేడియోను విడుచుట సులభము. ఏటేట తపాలాకచ్చేరిలో దానికి రుసుము కట్టిన దినములు 1980లతో పోయినవి; పొరుగువాని కిచ్చిన చాలును. కారును విడుచుట అట్లు కాదు. సొమ్ము చేతబడి, బండి వీధిమలుపు తిరిగినంత మాత్రమున సంబంధము తెగదు. 29, 30 సంఖ్యలు గల ఫారములపై ఉభయులును సంతకములు చేసి, అదే రాష్ట్రమువారైనచో 14 దినములలో, పరరాష్ట్రమువారైనచో 45 దినములలో రవాణాశాఖకు తెలుపవలె. నమోదుపత్రమున పేరు మారువరకు ఆ బండి చేసిన ప్రమాదమునకు నష్టపరిహారపు బాధ్యత పాత యజమానిపైననే యుండునని 2018లో సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది. చేతులు మారిన బండి ఎన్నడో ఎక్కడనో ఎవరినో గ్రుద్దగా, పింఛనుదారుని యింటికి నోటీసు వచ్చుట వినరాని మాట కాదు. కావున ప్రియమైన వస్తువును విడుచువాడు కన్నీటికంటె ముందు కాగితములు చూచుకొనవలె.

నోటుపుస్తకమును మేము బండితోనే పంపితిమి. అది మాది కాదు. మాకిచ్చినాయన మాటప్రకారము అది బండిది. పంపుటకు ముందు పది దినములు కూర్చుండి, అందలి తేదీలను, ఊళ్లను మరియొక పుస్తకమున ఎత్తి వ్రాసికొంటిమి. వ్రాయుచుండగా మా యింటామె ప్రక్కన కూర్చుండి, ఏ ప్రయాణమున ఎవరుండిరో, ఏమి వండికొని పోయితిమో చెప్పినారు. ఇనుము పోయినది, చరిత్ర మిగిలినది. మా పిల్లలకు కావలసినదియు ఆ ఇనుము కాదని వారు దానిని చదివిన పిమ్మట వ్రాసిన లేఖలవలన తెలిసినది.

మన పెద్దలు, ఏరు దాటువరకు ఓడమల్లన్న, ఏరు దాటినాక బోడిమల్లన్న అని కృతఘ్నుని గూర్చి సామెత చెప్పిరి. ఏరు దాటించిన ఓడకు మనము చేయవలసినది దానిని ఒడ్డుమీద మోసికొని తిరుగుట కాదు. బోడిమల్లన్న యని పేరు మార్చకుండుట. ఎవరు కట్టిరి, ఎంత కష్టముతో వచ్చినది, ఎందరిని దాటించినది అను మాటలను నిలుపుటయే దాని ఋణము తీర్చుట. ఒక తరము వేచి, అప్పుచేసి, చేతులు నల్లచేసికొని నడిపిన బండ్లు నేడు ఒకటొకటిగ కొట్టములు వీడుచున్నవి. మీ యింటను అట్టిది యున్నచో దానిని అమ్ముటకు ముందు, దాని కథను ఇంటివారందరు కూర్చుండి వ్రాసికొనుడు. చూపు, చేతిసత్తువ ఉండగనే తాళపుచెవిని మీ చేతితోనే అందీయుడు. పుచ్చుకొనువాడు చెడువాడు కాకుండుటకు చూచుకొనుడు. ఆపైన కొట్టపు తలుపు తెరచియుంచి, అందు గాలియు వెలుతురును రానిండు.